క్రిస్మస్ తాతకు హైదరాబాద్‌లో ఏ బండి సరిపోతుంది?

డిసెంబర్ మొదలైతే చాలు, సికింద్రాబాద్, అబిడ్స్, అల్వాల్ వైపు ఇళ్ల ముందు కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి. కారోల్స్ పాడే బృందంతో పాటు ఎర్ర అంగీ, దూది గడ్డంతో క్రిస్మస్ తాత కూడా వస్తాడు. ఆయన మిఠాయిలు పంచి వెళ్లాక చిన్నపిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: ఒక్క రాత్రిలో అందరి ఇళ్లకూ ఎలా తిరుగుతాడు?

మాయ అని చెప్పేస్తే ఆ ప్రశ్న అక్కడే చచ్చిపోతుంది. నిజానికి అది చాలా మంచి ఫిజిక్స్ ప్రశ్న. ఇంటర్ మొదటి సంవత్సరం పాఠాలు గుర్తుంటే చాలు, ఎవరైనా లెక్క కట్టవచ్చు. అందుకే ఎగిరే బండ్లను వరుసగా పోల్చి, మన ఊరికి ఏది నప్పుతుందో ఇక్కడ చెబుతున్నాను. పిల్లలకు జవాబు చెప్పాల్సిన అమ్మానాన్నలకూ, స్కూల్లో సైన్స్ ఫెయిర్‌కు ఏదైనా సరదా ప్రాజెక్టు వెతుక్కుంటున్న వాళ్లకూ ఇది పనికొస్తుంది.

ముందుగా కొన్ని అంకెలు అనుకుందాం. గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ 2007లో ఏర్పడినప్పుడు దాని వైశాల్యం దాదాపు 625 చదరపు కిలోమీటర్లు. అందులో లక్ష ఇళ్లకు బహుమతులు చేరాలనీ, ఒక్కో బహుమతి అరకిలో ఉంటుందనీ, రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 5 దాకా ఏడు గంటల సమయం ఉందనీ అనుకుందాం. లక్ష అనేది లెక్క కోసం నేను పెట్టుకున్న అంకె. మీరు ఇంకోటి పెట్టుకున్నా ముందుకు నడిచే దారి ఇదే.

తిరగాల్సిన దూరం ఎంత? చెల్లాచెదురుగా ఉన్న ఇళ్లన్నిటినీ ఒక్కోసారి తాకే అతి దగ్గరి దారికి గణితంలో ఒక మంచి అంచనా ఉంది. ఇళ్ల సంఖ్యను వైశాల్యంతో గుణించి, వర్గమూలం తీసి, దాన్ని సుమారు 0.71తో గుణించాలి. మన అంకెలకు అది 5,600 కిలోమీటర్లు వస్తుంది. అంటే ఇంటికీ ఇంటికీ మధ్య సగటున 56 మీటర్లు.

ఏడు గంటల్లో 5,600 కిలోమీటర్లంటే గంటకు 800. శంషాబాద్‌లో లేచే జెట్ విమానం ఆ వేగంతో రోజూ పోతూనే ఉంది. దూరం అసలు సమస్యే కాదు. లక్షసార్లు ఆగాలి, అదీ చిక్కు. ఏ బండి ఎంచుకోవాలన్నది ఇక్కడే తేలిపోతుంది.

ఒక్కటే బండి, మెరుపు వేగం

కథల్లో ఉన్నది ఇదే. ఒక స్లెడ్జి, ఎనిమిది రెయిన్‌డీర్‌లు, ఒక తాత. ఏడు గంటలను లక్ష ఇళ్లకు పంచితే ఒక్కో ఇంటికి దక్కేది పావు సెకను. బహుమతి పెట్టడానికి సమయమే పట్టదనుకున్నా, ఆ పావు సెకనులోనే కదలాలి, 56 మీటర్లు పోవాలి, మళ్లీ ఆగాలి. సగం దూరం వేగం పెంచుకుంటూ, మిగతా సగం బ్రేకు వేసుకుంటూ పోతే, మధ్యలో అందుకోవాల్సిన వేగం సెకనుకు 444 మీటర్లు. చలికాలపు రాత్రి గాలిలో ధ్వని వేగం సెకనుకు దాదాపు 340 మీటర్లే. కాబట్టి తాత ప్రతి ఇంటి ముందూ ధ్వనిని దాటిపోతాడు, ప్రతి ఇంటి ముందూ బాంబు పేలినట్టు శబ్దం వస్తుంది. పిల్లలు నిద్రపోవడం సంగతి అటుంచండి, కిటికీ అద్దాలు నిలవవు.

ఈ 444 అనే అంకె దగ్గర కాసేపు ఆగాలి. భూమి తన చుట్టూ తాను తిరుగుతుంది కదా. హైదరాబాద్ ఉన్న 17.4 డిగ్రీల అక్షాంశం దగ్గర నేల తూర్పు వైపు కదిలే వేగం కూడా సెకనుకు దాదాపు 444 మీటర్లే. మంచం మీద పడుకున్న మనమంతా ఇప్పుడు ఆ వేగంతోనే పోతున్నాం. ఒంటికి ఏమీ తెలియదు. కారణం, ఆ వేగం ఉన్నట్టుండి మారదు. వేగం మనిషిని ఏమీ చేయదు, వేగంలో వచ్చే మార్పే చేస్తుంది. సిటీ బస్సు డ్రైవర్ సడన్ బ్రేక్ వేసినప్పుడు ముందు సీటు కడ్డీకి తల తగిలేది అందుకే. పిల్లలకు చెప్పడానికి ఈ మొత్తం విషయంలో ఇంతకన్నా మంచి ముక్క నాకు కనిపించలేదు.

పావు సెకనులో 444 మీటర్ల వేగం అందుకుని మళ్లీ సున్నాకు రావాలంటే త్వరణం, అంటే వేగం మారే రేటు, భూమి ఆకర్షణకు 360 రెట్లు ఉండాలి. 80 కిలోల తాత తన సీటు మీద 29 టన్నుల బరువుతో నొక్కుకుపోతాడు. మనిషి శరీరం ఎంత ఓర్చుకోగలదో కూడా ఒక స్లెడ్జి మీదే తేలింది. 1954 డిసెంబర్ 10న అమెరికా వైమానిక దళ వైద్యుడు జాన్ స్టాప్ పట్టాల మీద నడిచే రాకెట్ స్లెడ్జిలో కూర్చుని గంటకు 1,017 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. తర్వాత 1.4 సెకన్లలో ఆగాడు. ఆ కొద్ది సమయంలో ఆయన మీద పడిన బలం ఒక దశలో భూమి ఆకర్షణకు 46 రెట్లు దాటింది. కళ్లలో రక్తం చిమ్మి కాసేపు చూపు పోయింది, కానీ బతికాడు. విమానాల్లో, కార్లలో సీటు బెల్టులు మెరుగుపడటానికి ఆయన ప్రయోగాలు ఎంతో సాయపడ్డాయి. ఆయన ఒక్కసారి భరించినదానికి దాదాపు ఎనిమిది రెట్లు బలాన్ని, తాత రాత్రంతా లక్షసార్లు భరించాలి.

శక్తి లెక్క ఇంకా భయపెడుతుంది. బహుమతులే 50 టన్నులు. దారిలో తగ్గుతూ పోతాయి కాబట్టి సగటున 25 టన్నులు అనుకుందాం. ప్రతి ఇంటి దగ్గరా ఆ బరువును 444 మీటర్ల వేగానికి తేవడానికి 685 యూనిట్ల కరెంటుకు సమానమైన శక్తి కావాలి. లక్ష ఇళ్లకు కలిపితే 6 కోట్ల 85 లక్షల యూనిట్లు. ఆ వేగం పెంచే క్షణంలో బండి లాగే విద్యుత్తు దాదాపు 20,000 మెగావాట్లు. 2025 మార్చిలో తెలంగాణ రాష్ట్రమంతా కలిసి వాడిన గరిష్ఠ విద్యుత్తు 17,000 మెగావాట్ల దగ్గర ఉంది.

పాపం, రెయిన్‌డీర్‌ల సంగతి కూడా చూడాలి. మంచు దేశాల కోసం పుట్టిన జంతువులవి, ఒళ్లంతా దట్టమైన బోలు వెంట్రుకలు. మన డిసెంబర్ రాత్రి మనకు చలే గాని, పరుగెత్తే రెయిన్‌డీర్‌కు ఉక్కపోతే. పైగా గాలిలో కాళ్లు ఆడిస్తే తన్ని ముందుకు పోవడానికి కింద నేల ఉండదు. ఎగరాలంటే గాలిని కిందికి నెట్టాలి, గిట్టలతో అది కుదరదు. ఒక చిన్న ముచ్చట: మగ రెయిన్‌డీర్‌ల కొమ్ములు ఎక్కువగా డిసెంబర్ నాటికే రాలిపోతాయి, ఆడవాటికి వసంతం దాకా ఉంటాయి. బొమ్మల్లో కొమ్ములతో బండి లాగుతున్నవి చాలావరకు ఆడ జంతువులే అయి ఉండాలి. ఇది చెబితే అమ్మాయిలు భలే సంబరపడతారు.

కొందరు భూమి తిరుగుడును వాడుకోమంటారు. ప్రపంచమంతా తిరిగే తాత పడమటికి పోతూ ఉంటే రాత్రి పొడుగవుతుంది, నిజమే. హైదరాబాద్ వరకు మాత్రం దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఘట్‌కేసర్‌లో నడిరాత్రి అయిన దాదాపు 100 సెకన్లకు పటాన్‌చెరులో అవుతుంది, అంతే.

ఆగకుండా పైనుంచి వేసేస్తే?

ఆగడమే సమస్య అయితే ఆగడం మానేయవచ్చు కదా అని తెలివైన పిల్లలు అడుగుతారు. అడగాలి కూడా. గంటకు 800 కిలోమీటర్ల వేగంతో, 100 మీటర్ల ఎత్తులో పోతూ పొట్లాలు వదులుతూ వెళ్లాడనుకుందాం. పొట్లం కింద పడటానికి నాలుగున్నర సెకన్లు పడుతుంది. ఈలోగా గాలి అడ్డుపడకపోతే అది కిలోమీటరు ముందుకు పోతుంది. చార్మినార్ మీద ఉత్తరంగా పోతూ వదిలింది మూసీ ఒడ్డున పడుతుంది. గాలి అడ్డుపడుతుంది కాబట్టి కొంచెం ముందే పడుతుంది, కానీ సరిగ్గా ఎక్కడన్నది పొట్లం ఆకారాన్ని బట్టి మారిపోతుంది.

నెమ్మదిగా పోతూ చిన్న పారాచూట్ కట్టి వదలడం ఇంకో దారి. అరకిలో పొట్లం సెకనుకు 3 మీటర్ల వేగంతో దిగాలంటే సుమారు మీటరు వెడల్పు గుడ్డ చాలు. కానీ 100 మీటర్లు దిగడానికి అరనిమిషం పైనే పడుతుంది. అదే వేగంతో గాలి వీస్తే 100 మీటర్లు పక్కకు జరుగుతుంది. మన ఇళ్ల మధ్య సగటు దూరం 56 మీటర్లే కదా, బహుమతి రెండిళ్ల అవతల పడుతుంది. ఏ పిల్లకు ఏ బొమ్మ చేరిందో ఎవరికీ తెలియని పంపకం నాకు నచ్చదు. ఈ పద్ధతి వద్దు.

బండ్లు పెంచితే లెక్క తిరగబడుతుంది

ఒక ఇంటికి దొరికే సమయం రెట్టింపు చేస్తే కావాల్సిన వేగం సగమవుతుంది. త్వరణం పావుకు పడిపోతుంది, గతిశక్తి, అంటే కదలికలో ఉండే శక్తి, కూడా పావుకే పడిపోతుంది. అందువల్ల ఒక్క బండి వేగం పెంచడం కన్నా బండ్ల సంఖ్య పెంచడమే ఎప్పుడూ చవక.

చాలా ఏళ్ల పాటు గ్రేటర్‌కు 150 వార్డులు ఉండేవి. వార్డుకు ఒక బండి పెట్టి చూడండి. ఒక్కో బండికి 667 ఇళ్లు, ఇంటికి 38 సెకన్లు. అందులో 25 సెకన్లు ఆగి బహుమతి పెట్టి, నక్షత్రం చూసి, గంట మోగించినా, మిగిలిన 13 సెకన్లలో 56 మీటర్లు పోవాలి. అందుకోవాల్సిన వేగం గంటకు 32 కిలోమీటర్లు, స్కూటీ వేగం. త్వరణం భూమి ఆకర్షణలో ఏడో వంతు. తాత చేతిలోని టీ కూడా ఒలకదు. బండి, తాత, బహుమతులు కలిపి సగటున 600 కిలోలు అనుకుంటే, నగరమంతటికీ వేగం పెంచడానికి అయ్యే ఖర్చు సుమారు 640 యూనిట్లు. 6 కోట్ల 85 లక్షల నుంచి 640కి దిగాం.

150 మంది తాతలు ఎక్కడి నుంచి వస్తారంటారా? ఉన్నారు కదా. ప్రతి చర్చి నుంచీ యువకులు తాత వేషం వేసుకుని కారోల్స్‌తో ఇంటింటికీ తిరిగేది ఇలా పంచుకునే.

ఇక అవి గాలిలో ఎలా నిలబడాలన్నది అసలైన ఎంపిక. ఇక్కడ మూడు దారులున్నాయి.

మొదటిది ఫ్యాన్ల బండి, అంటే హెలికాప్టర్ లాంటిది. గాలిలో నిలబడి ఉండటానికే నిరంతరం గాలిని కిందికి నెడుతూ ఉండాలి. 600 కిలోల బండికి మొత్తం 10 చదరపు మీటర్ల ఫ్యాన్లు పెడితే, ఏ నష్టాలూ లేవనుకున్నా 94 కిలోవాట్లు కావాలి. ఏడు గంటలు, 150 బండ్లు: దాదాపు 99,000 యూనిట్లు. కదలడానికి 640, కదలకుండా నిలబడటానికి 99,000! ఫ్యాన్ల వెడల్పు పెంచితే ఖర్చు తగ్గుతుంది, హెలికాప్టర్ రెక్కలు అంత పొడుగ్గా ఉండేది అందుకే. కానీ ఆ గాలికి డాబాల మీద ఆరేసిన బట్టలు, పూలకుండీలు ఏవీ మిగలవు. ఈ బండిని దగ్గర దగ్గర ఇళ్లకు నేను సిఫారసు చేయను.

రెండోది చిన్న డ్రోన్లు. మన రాష్ట్రంలో ఇది కొత్త సంగతి కాదు. 2021 సెప్టెంబర్‌లో వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు, టీకాలు చేరవేసే ప్రయోగం మొదలైంది. రెండు కిలోల డ్రోన్ అరకిలో బహుమతి మోసుకుని, పది నిమిషాల్లో పోయి వస్తుందనుకోండి. 250 వాట్లు తీసుకున్నా ఒక ట్రిప్పుకు 0.042 యూనిట్లు. లక్ష ఇళ్లకు 4,200 యూనిట్లు. ఏడు గంటల్లో ఒక డ్రోన్ 42 ట్రిప్పులు వేయగలిగితే 2,400 డ్రోన్లు కావాలి, బ్యాటరీలు మార్చే మనుషులు వేరే. ఫ్యాన్ల బండి కన్నా ఇంత చవక కావడానికి కారణం, ఒక్కో డ్రోన్ తనకు అవసరమైన బరువే మోస్తుంది. మిగతా 666 ఇళ్ల సామాను మోసుకు తిరగదు. 2021 డ్రోన్ నిబంధనల్లో గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతంలో) 120 మీటర్ల ఎత్తు దాకా వెసులుబాటు ఉంది గానీ, బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాద్ విమాన స్థావరాల చుట్టూ అనుమతులు కావాలి.

మూడోది బెలూన్ బండి. నా మనసు దీని మీదే. హీలియం ఒక ఘనపు మీటరుకు దాదాపు ఒక కిలో లేపుతుంది. 600 కిలోలకు 600 ఘనపు మీటర్లు, అంటే పదిన్నర మీటర్ల వెడల్పున్న గుండ్రటి బెలూన్. మూడంతస్తుల ఇల్లంత. నిలబడటానికి ఒక్క యూనిట్ కూడా ఖర్చు కాదు. ముందుకు పోయేటప్పుడు మాత్రం గాలి గట్టిగా అడ్డుతుంది. ఆ అడ్డునూ, ప్రొపెల్లర్ నష్టాలనూ కలుపుకుంటే నగరానికి నాలుగైదు వేల యూనిట్లు అవుతుంది. డ్రోన్లతో ఇంచుమించు సమానం.

బెలూన్‌తో వచ్చే పెద్ద ఇబ్బంది వేరే. బహుమతులు ఇచ్చుకుంటూ పోతే బండి తేలికవుతుంది. తెల్లవారేసరికి 333 కిలోలు తగ్గుతుంది, తాత ఆకాశంలోకి లేచిపోతాడు. హీలియం వదిలేస్తే దిగవచ్చు గానీ, అది ఖరీదైన వాయువు, వదిలింది మళ్లీ రాదు. మన ఈసీఐఎల్ దగ్గర టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి బెలూన్ కేంద్రం ఉంది. అక్కడి నుంచి సైన్స్ పరికరాలు మోసే పెద్ద పెద్ద బెలూన్లు చాలా ఎత్తున ఉండే వాతావరణ పొర, స్ట్రాటోస్ఫియర్ దాకా వెళ్తాయి. అలాంటి బెలూన్లలో ఎత్తును కాపాడుకోవడానికి బరువు ముందే పెట్టుకుని, అవసరమైనప్పుడు వదులుతారు. తాతకు కావాల్సింది దీనికి తలకిందులు: ప్రతి ఇంటి దగ్గరా అరకిలో ఇచ్చి, అరకిలో ఎక్కించుకోవాలి.

హైదరాబాద్‌లో దానికి సరైన వస్తువు ప్రతి డాబా మీదా ఉంది, నీళ్ల ట్యాంకు. అరలీటరు నీళ్లు అంటే సరిగ్గా అరకిలో. పొట్లం దించి, ఒక చిన్న సీసాడు నీళ్లు బండి తొట్టిలో పోసుకుంటే చాలు, బెలూన్ ఉన్న ఎత్తులోనే ఉంటుంది. మంచు దేశంలో ఈ ఉపాయం నడవదు, ట్యాంకులో నీళ్లు గడ్డకడతాయి. ఇక్కడ డిసెంబర్‌లో కూడా హాయిగా నడుస్తుంది. చివర్లో తొట్టిలో 333 లీటర్లు మిగులుతాయి, ఏ పార్కు చెట్లకో పోయవచ్చు.

ఏ బండి అయినా ఒక నియమం పాటించాలి: కిందికి దిగకూడదు. 600 కిలోలను ఐదంతస్తుల ఎత్తుకు, అంటే 15 మీటర్లకు లేపడానికి అయ్యే శక్తి, దాన్ని 32 కిలోమీటర్ల వేగానికి తేవడానికి అయ్యేదానికి దాదాపు నాలుగు రెట్లు. బెలూన్‌కు లేచే ఖర్చు లేకపోయినా, దిగాలంటే అదనపు బరువో, కిందికి తోసే మోటారో కావాలి. మన ఊళ్లో పొగగొట్టాలు లేవని బాధపడక్కర్లేదు. డాబా మీదే పెట్టి, మెట్ల తలుపు దగ్గర గంట కొట్టి పోవడం మేలు.

మీ పేటకు ఏది?

కూకట్‌పల్లి, మల్కాజ్‌గిరి, అల్వాల్, ఉప్పల్ లాంటి చోట్ల నాలుగైదంతస్తుల డాబాలు వరుసగా ఒకే ఎత్తులో ఉంటాయి. అక్కడ బెలూన్ బండికి మించింది లేదు. డిసెంబర్ రాత్రుల్లో గాలి సాధారణంగా నెమ్మదిగానే ఉంటుంది. కానీ ఆ రాత్రి గాలి గంటకు 15 కిలోమీటర్లు దాటితే మాత్రం బెలూన్ మానేసి డ్రోన్లు తీయండి. గాలి వేగం రెట్టింపైతే బెలూన్ మీద తోపు నాలుగు రెట్లవుతుంది, దాన్ని పట్టి నిలపడం తాత వల్ల కాదు.

పాతబస్తీ గల్లీల్లో పైన కేబుల్ వైర్లు అల్లుకుని ఉంటాయి, సంక్రాంతి దగ్గరపడుతుంటే పతంగుల మాంజా కూడా తోడవుతుంది. పది మీటర్ల బెలూన్‌కు అది ప్రమాదం. డ్రోన్ అయినా గల్లీలోకి దిగకుండా డాబా నుంచి డాబాకే పోవాలి.

కోకాపేట, నానక్‌రామ్‌గూడ టవర్లలో పని చాలా తేలిక. ఒక్క టవర్‌లో 300 ఇళ్లుంటే తాతకు అది ఒక్కసారి ఆగడమే. పైకప్పు మీద మూట దించితే లిఫ్టు మిగతా పని చూసుకుంటుంది. అక్కడ బండి ఏదైనా ఫర్వాలేదు.

మెదక్ మాత్రం వేరు. దాదాపు 100 కిలోమీటర్ల దూరం, ఆగేది ఒక్కచోట. 1924 క్రిస్మస్ రోజున ప్రారంభమైన ఆ కేథడ్రల్ దగ్గరికి పండుగ తెల్లవారుజామునే వేలమంది చేరతారు. అక్కడికి బహుమతుల మూట పంపాలంటే వేగమైన బండే ఎంచుకోండి. గంటకు 300 కిలోమీటర్ల వేగాన్ని నిమిషంన్నరలో నెమ్మదిగా అందుకున్నా ఎవరికీ కుదుపు తెలియదు. 22 నిమిషాల్లో చేరిపోవచ్చు.

సైన్స్ ఫెయిర్‌కు వెళ్లేవాళ్లు బెలూన్ బండినే చేయండి, ఇంట్లో చేసి చూపించగలిగేది అదొక్కటే. సుమారు 28 సెంటీమీటర్ల రబ్బరు బెలూన్ తన బరువు పోను ఎనిమిది, తొమ్మిది గ్రాములు లేపుతుంది. అలాంటివి మూడు కట్టి, కింద చిన్న కాగితం కప్పు వేలాడదీసి, అది ఎత్తు మారకుండా గాలిలో నిలిచేదాకా పల్లీలు వేయండి. ఒక పల్లీ తీస్తే లేస్తుంది. దాని బదులు డ్రాపర్‌తో నీటి చుక్కలు వేస్తూ పోతే మళ్లీ నిలుస్తుంది. బెలూన్లు కొనేటప్పుడు లోపల నింపింది హీలియమేనని అడిగి తెలుసుకోండి. రోడ్డు పక్కన కొన్నిచోట్ల హైడ్రోజన్ నింపుతారు, అది నిప్పు తగిలితే భగ్గున మండుతుంది. పండుగ కొవ్వొత్తులు వెలిగించిన గదిలోకి ఆ బెలూన్లు తీసుకెళ్లవద్దు.